వేలికి తగలని గాలి

గోనెసంచిని ఆటోలోంచి దించుతూ డ్రైవరు, "ఇదేదో పట్టేసిన ఇంజనండీ బాబూ, ఎంత కదిపినా లోపల ఏదీ ఆడట్లేదు" అన్నాడు. అతను చెప్పకముందే నాకు తెలుసు. యాభై ఏళ్లకు పైగా నేను చూడని వస్తువది. చూడకుండా ఉండడానికి ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లడం మానేశానో, వెళ్లినా బాబాయి ఇంట్లో అటక కింద కూర్చోకుండా ఎన్ని సాకులు చెప్పానో నాకే తెలుసు. ఇప్పుడది తనే ఏలూరు వచ్చి మా వరండా గచ్చు మీద కూర్చుంది.

వెనకే మా చెల్లెలు దిగింది. బాబాయి కూతురు. బడిలో పంతులమ్మగా చేసి రిటైరై, కొల్లేటి పక్కన వాళ్ల నాన్న కట్టిన ఇంట్లోనే ఉంటోంది. బాబాయి పోయి ఏడాది దాటింది.

"ఇల్లు పడగొట్టిస్తున్నామన్నయ్యా. గోడలన్నీ చెమ్మెక్కిపోయాయి. చుట్టూ చేపల చెరువులైపోయాక ఏ గోడ నిలబడుద్ది చెప్పు" అంది, చెంగుతో మొహం తుడుచుకుంటూ. "అటక మీద ఇది కనపడింది. పాత ఇనుము వాడికి ఇచ్చేద్దామన్నారు మా వారు. నేనే వద్దన్నాను. నాన్న పోయేముందు ఒక మాట చెప్పాడు."

"ఏమని?"

"‘అది మీ అన్నయ్యే విప్పాలి, ఇంకెవరి చేతా విప్పించకండి’ అని."

మా ఆవిడ మజ్జిగ తెచ్చి, సంచి వంకా నా వంకా చూసి, "విప్పుతారా, దానికి దణ్ణం పెట్టుకుంటారా?" అంది.

నాకు కోపం ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. ఎందుకు రాదు కోపం? ఇప్పటి షాపుల్లో ఇంజన్ శబ్దం తేడాగా ఉందంటే విప్పి చూసే దిక్కు లేదు. "మొత్తం సెట్టు మార్చేద్దామండీ" అంటాడు, ఇంకా బండి స్టాండు వెయ్యకముందే. కొల్లేరు వైపు వెళితే ఇంకా మంట. ఒకప్పుడు అవతలి అంచు కనపడని నీళ్లని గళ్ల లుంగీలాగా కోసి పెట్టారు. అడిగితే అందరూ అందరి మీదా చెబుతారు. తప్పు ఒప్పుకునే మనిషి ఒక్కడు కనపడడు.

నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడినీ ఒక్క మాటతో చంపుకుతిన్నాను: "ఊది చూశావా?" చూశానంటే నమ్మేవాణ్ణి కాదు. "మళ్లీ ఊదు. నా ఎదురుగా ఊదు." ముసలాడి చాదస్తం అని నవ్వుకునేవాళ్లు. ఆ చాదస్తం ఎక్కడ పుట్టిందో ఎవరికీ చెప్పలేదు. తప్పు ఒప్పుకోని వాళ్ల మీద ఇన్నేళ్లు అరిచినవాణ్ణి కదా, ఇప్పుడు చెప్పాలి.

*

ఆ వేసవికి నేను పదో తరగతి రెండోసారి తప్పాను. నాన్న రైసు మిల్లులో గుమాస్తా. ఇక చదువు చాలనీ, మిల్లులో బస్తాలు లెక్కపెట్టే పనిలో పెడతాననీ తేల్చేశాడు. నాకేమో మిల్లులో ఊక దుమ్ము గుర్తొస్తేనే ఊపిరాడేది కాదు. నా మనసంతా ఇంజన్ల మీద.

అప్పుడు అడ్డుపడింది బాబాయి. ఆయన డాక్టరు కాదు గానీ కొల్లేటి లంకల్లో ఆయనే డాక్టరు. ఇంజక్షన్ల పెట్టె మోటారు సైకిలుకి కట్టుకుని గట్ల వెంట తిరిగేవాడు. చేతులు మారి మారి ఆయన దాకా వచ్చిన ఒంటి సిలిండరు బండి అది. అది వస్తుంటే కొంగలు ముందే లేచిపోయేవి, రోగులు ముందే చొక్కా చేతులు మడుచుకునేవాళ్లు. ఆ ఏడు అది నీలం పొగ కక్కీ కక్కీ ఆగిపోయింది.

"అన్నయ్యా, వీణ్ణి మిల్లుకి పంపకు" అన్నాడు బాబాయి, మా నాయనమ్మ వడ్డించిన కొర్రమీను పులుసు జుర్రుకుంటూ. "ఈ వేసవంతా నా బండి వీడికి వదిలేస్తాను. ఇంట్లోనే విప్పి బాగుచేశాడనుకో, మెకానిక్ అవనీ. చెయ్యలేదనుకో, నీ మిల్లు ఉండనే ఉంది."

"బండి కాస్తా పోద్ది కదరా?"

"ఇప్పుడు మాత్రం అది బండేంటి? చక్రాలున్న ఇనప్పెట్టె."

అలా నా బతుకు ఆ ఇంజన్‌కి ముడిపడింది.

విప్పడం తేలికే. విప్పిన వరస మర్చిపోకుండా వరండాలో గోడ పక్కన పాత చీర పరిచి, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయాను. చీర చాలక ఇంకో చీర. ఎదురింటాయన రోజూ గుమ్మంలో నిలబడి, "ఏవండీ, పాతసామాన్ల కొట్టు పెట్టారా? ఓ పావుకేజీ బోల్టులు తూచండి మరి" అనేవాడు. నాన్న మొహం మాడ్చుకుని లోపలికి పోయేవాడు.

అవి ఆవకాయ రోజులు. ఒక మూల దంచిన ఆవపిండి ఘాటు, ఇంకో మూల నా కిరసనాయిలు పళ్లెం. రెండు వాసనలూ నెల్లాళ్లు మా ఇంట్లో పోట్లాడుకున్నాయి. "ఆ చేతులతో నా జాడీ ముట్టుకున్నావంటే చేతులకి వాత పెడతా" అనేది నాయనమ్మ. ఒకరోజు ఆవిడ పెరట్లో ఉండగా, పులుసు దాక పక్కకి జరిపి పొయ్యి మీద ఇంజన్ ముక్క ఒకటి పెట్టి వేడి చేశాను, అందులో బిగుసుకున్న బేరింగు ఊడిరావాలని. బేరింగు ఊడింది. పులుసులో మాత్రం రెండు రోజులు కిరసనాయిలు వాసన. నాయనమ్మ చేపల వాణ్ణి తిట్టింది. నేను తల వంచుకుని తిన్నాను. ఏమీ ఎరగనట్టు మొహం పెట్టడం నాకు అప్పటికే వచ్చు.

బాబాయి ఎవరి దగ్గరో సంపాదించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది, ఆ ఇంజన్ గురించే. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో మాటా వెతుక్కుంటూ చదివాను. బడిలో తప్పిన ఇంగ్లీషు నాకు ఆ వరండాలో వచ్చింది. ఆయిల్ ఏ దారిన వెళుతుందో బొమ్మతో సహా ఉన్న పేజీ అందులో ఉంది. ఆ పేజీ చినిగిపోయిందని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

*

సిలిండరు అరిగిపోయింది, లోపలి గోడ నున్నగా చెక్కించి బోరు చేయించాలి. తాడేపల్లిగూడెంలో ఒక లేత్ మాస్టారున్నారని, చెయ్యి చాలా నిఖార్సైనదని బాబాయి చెప్పాడు. గోనెసంచిలో సిలిండరు కట్టుకుని పాసింజరెక్కాను. ఎదురుగా కూర్చున్న కూరగాయలామె, "పనసకాయా బాబూ?" అంది. అవునన్నాను. దిగేటప్పుడు ముచ్చటపడి ఎత్తబోయి, "ఓలమ్మో, ఏం కాయ బాబూ ఇది!" అని చెయ్యి విదుల్చుకుంది.

మాస్టారు సన్నగా, కళ్లజోడు దారంతో చెవికి కట్టుకుని ఉండేవారు. షాపు గోడకి చర్చి వాళ్లిచ్చిన క్యాలెండరు. లేత్ తిరుగుతుంటే దాని శృతికే ప్రార్థన పాటలు కూనిరాగం తీసేవారు. నాలాంటి పిల్లకాయకి కూడా కుర్చీ వేసేవారు.

నేనున్నప్పుడే ఒకసారి ఆయన పనివాడు ఎవరిదో షాఫ్టు కోతలో పాడుచేశాడు. సొంతదారు వచ్చి గోల పెడితే మాస్టారు, "తప్పు నాదేనండి, రేపటికి కొత్తది చేసిస్తానండి" అన్నారు. పనివాడి వైపు చూడను కూడా లేదు. షాఫ్టు మనిషి వెళ్లిపోయాక నేనడిగాను, మీరెందుకు మాట పడ్డారని.

"షాపులో ఎవరి చెయ్యి జారినా బయటివాళ్లకి తప్పు నాదే అబ్బాయ్. లోపల ఎవరిదో వాడికి తెలుస్తుంది కదా. అది చాలు."

ఆయనకి ఇంకో పద్ధతి ఉండేది. చూశానని మనిషి ఒకసారి చెబితే మళ్లీ అడిగేవారు కాదు. అడిగితే అవమానించినట్టేననేవారు.

సిలిండరు బోరు చేసి, కొత్త పిస్టనుకి సరిపెట్టి, కింది భాగంలో తిరిగే క్రాంకు కూడా తెప్పించుకుని దాన్ని బిగించి పెట్టారు. ఆ క్రాంకుని పొట్టలో పెట్టుకునే సత్తు పెట్టెని ఛాంబరంటారు. కొబ్బరికాయలాగా రెండు చిప్పలుంటాయి. వాటిని ఇంటి దగ్గర నేనే కడుక్కోవాలి. ఎలా చూసుకోవాలో, నేను వెంట తీసుకెళ్లిన చిప్ప మీదే ఆయన చెప్పారు.

"ఈ చిప్ప గోడ లోపల్నించి ఆయిల్ దారి ఉంది. వంకర తిరిగి వెళుద్ది, కంటికి ఆనదు. అందుకని ఈ కన్నం దగ్గర నోరు పెట్టి ఊదు. అవతలి కన్నం దగ్గర తడి వేలు పెట్టు. వేలికి చల్లగా గాలి తగలాలి. తగిలితేనే చిప్పలు మూసెయ్యి. ఈ దారి మూసుకుపోతే ఇంజన్ నడిచినట్టే నడిచి, ఓ రోజు లోపల ఎండిపోయి పట్టేస్తుంది."

నా వేలు తడి చేయించి అవతలి కన్నం దగ్గర పెట్టించి, ఒకసారి తనే ఊది చూపించారు. చల్లగా తగిలింది.

*

చిప్పలు కడిగే రోజు నేను కాలవలో ఈతకి పోయాను. ఎండ అలాంటిది. తిరిగొచ్చేసరికి నూతి పళ్లెం గచ్చు మీద గిన్నెల పక్కన రెండు చిప్పలూ బోర్లించి ఉన్నాయి. తళతళలాడుతున్నాయి. నాయనమ్మ చేతుల నిండా తడి బూడిద, కొబ్బరి పీచు.

"సత్తుకి చింతపండు తగలకూడదు, నల్లబడిపోద్ది. బూడిదతోనే తోమాలి" అంది గొప్పగా. "వారం రోజుల్నించి కిరసనాయిల్లో నానబెడుతున్నావు, ఏం పోయింది మురికి? చూడిప్పుడు."

ఆవేళ బాబాయి కూడా ఉన్నాడు. "దాంట్లో పప్పు వండుతావేంటే అమ్మా?" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నిజంగానే కొత్త గిన్నెల్లా ఉన్నాయి. రెండు చెంబుల నీళ్లు పోసి కడిగి ఎండలో పెట్టాను. ఊదాలని తట్టింది కూడా. ఆరాక ఊదుదాంలే అనుకున్నాను. ఆరేలోగా నాయనమ్మ కొత్తావకాయ ముద్ద కలిపి పిలిచింది.

ఆ ఆదివారం ప్రార్థన కాగానే మాస్టారు రైలెక్కి మా ఇంటికొచ్చారు, మొదటిసారి బిగిస్తున్నాను కదా, దగ్గరుండాలని. పిలవకుండా వచ్చారు. నాన్న కుర్చీలో, బాబాయి గుమ్మంలో, ఎదురింటాయన అరుగు మీద. చిప్పల అంచులకి జిగురు రాశాను. క్రాంకు కూర్చోబెట్టాను. రెండో చిప్ప చేతుల్లోకి తీసుకున్నాను.

"ఆయిల్ దారి ఊది చూశావా అబ్బాయ్? గాలి తగిలిందా?" అన్నారు మాస్టారు.

లేదంటే నిమిషం పని. కానీ నాన్న చూస్తున్నాడు. ఎదురింటాయన నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. వేసవంతా ఏం చేశావురా అంటాడేమో నాన్న. మిల్లు, బస్తాలు, ఊక దుమ్ము.

"తగిలిందండి" అన్నాను.

"అయితే ముయ్యి" అన్నారాయన. మళ్లీ అడగలేదు.

సాయంత్రానికి ఇంజన్ పలికింది. నాలుగో తన్నుకి పలికింది. ఆ శబ్దానికి ఎదురింటాయన అరుగు దిగొచ్చి, "అబ్బో, పలికించాడండోయ్!" అన్నాడు. నాయనమ్మ బండికి బొట్టు పెట్టింది. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, మిల్లు సంగతి ఇంకెత్తనన్నాడు. నా జీవితంలో అంత ఆనందం మళ్లీ రాలేదు. రానివ్వలేదేమో కూడా.

బండి పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు పొద్దున్నే బాబాయి ఇంజక్షన్ల పెట్టెతో ఒక లంకకి వెళుతుంటే, గట్టు మీద ఇంజన్ ఉన్నపళాన పట్టేసింది. వెనక చక్రం తిరగడం ఆగిపోయింది. బండీ మనిషీ కలిసి రాళ్ల మీదుగా నీళ్లలోకి. వలలు తీస్తున్న వాళ్లు దోనెలో వేసుకుని తీసుకొచ్చారు. మోకాలు చితికిపోయింది. కర్ర లేకుండా ఆయన మళ్లీ నడవలేదు. లంకలకి వెళ్లడం ఆ రోజుతో సరి. దోనెల మీద రోగులే ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు.

*

మా వైపు తిట్టినా అండీ పెట్టే తిడతారు. ఆ మర్యాద ఎంత లోతుకి కోస్తుందో నేను తాడేపల్లిగూడెంలో చూశాను.

నాన్న ఇద్దరు మనుషుల్నీ నన్నూ వెంటబెట్టుకుని మాస్టారి షాపు ముందు నిలబడ్డాడు. "ఏవండీ మాస్టారూ, చేతకాకపోతే చేతకాదని చెప్పాలండీ. మా తమ్ముడి కాలు తీశారండీ. పిల్లాడు వేసవంతా ఒళ్లు హూనం చేసుకుంటే, మీ బోరు పని ఇలా ఏడ్చిందండీ" అన్నాడు. అప్పటికే వీధిలో జనం పోగయ్యారు.

మాస్టారు లేత్ ఆపారు. నూలు పీచుతో చేతులు తుడుచుకున్నారు, ఒక్కో వేలూ. తర్వాత నా వైపు చూశారు. ఒక్కసారే. కోపంగా కాదు. అడుగుతున్నట్టూ కాదు. నేను నేల చూశాను. నా నోట్లో నాలుక ఎండిపోయి పట్టేసింది.

"నా చేతుల మీదుగా జరిగిన పనండి. తప్పు నాదేనండి" అన్నారాయన.

ఆ ఒక్క ముక్కతో అయిపోయింది. "నేనడిగానండి, చూశానన్నాడండి" అనొచ్చు కదా! అనలేదు. ఎందుకనలేదు? ఇన్నేళ్లూ నా కోపంలో సగం ఆయన మీదే, చెబితే సిగ్గుచేటు. నేనేమైనా ఆయన షాపులో పనివాణ్ణా, నా తప్పు ఆయన నెత్తినేసుకోవడానికి?

కాలు తీసిన లేత్ అని ఆ షాపుకి పేరొచ్చింది. ఏడాది తిరక్కుండా మూతపడింది. తణుకు వైపు ఎక్కడో వేరేవాళ్ల లేత్ మీద జీతానికి చేరారని విన్నాం. నాకేమయింది? ఏమీ కాలేదు. పాపం, పిల్లాడు కష్టపడ్డాడు, ఆ మాస్టారే ముంచాడు అన్నారందరూ. నాన్న తనే తీసుకెళ్లి ఏలూరులో ఒక వర్క్‌షాపులో చేర్పించాడు. నేను తిన్న ప్రతి ముద్దా ఆ దారినే వచ్చింది.

ఇంజన్ విప్పి చూద్దామని నాన్న అంటే బాబాయి ఒప్పుకోలేదు. "ఇంక దాని జోలికి పోకండి" అని సంచిలో కట్టించి అటకెక్కించాడు. బండిలో మిగతా భాగం అమ్మేశారు. విప్పకపోవడం నాకు మేలైంది. క్రాంకు బిగింపులో లోపమేమో, బోరు బిగుతైందేమో, నిజంగానే మాస్టారి తప్పేమో. ఆ "ఏమో"ని కర్రలాగా పట్టుకుని నేనూ ఇన్నేళ్లు నడిచాను, బాబాయిలాగే.

ఒకసారి తణుకు బస్టాండులో ఆయన కనపడ్డారు. నాకప్పటికే సొంత షాపు. ఆయన జుట్టు ముగ్గుబుట్టైంది, కళ్లజోడుకి అదే దారం. తప్పించుకుందామనుకునేలోపే గుర్తుపట్టారు.

"పని చేస్తున్నావా అబ్బాయ్?"

"చేస్తున్నానండి."

"ఊది చూస్తున్నావా?"

"చూస్తున్నానండి."

"మంచిది" అని నవ్వి, బస్సొస్తే ఎక్కేశారు. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపారు. నేను బస్సు వెనక పరుగెత్తి ఉండాల్సింది. చేతిలో ఉన్న సోడా తాగాను.

*

మూడు రోజులు సంచి ముట్టుకోలేదు. నాలుగో రోజు పొద్దున్నే వరండాలో మా ఆవిడ పాత చీర పరిచాను. బోల్టులు తుప్పు పట్టి, కిరసనాయిలు తాగి తాగి ఒక్కోటీ వదిలాయి. నా వేళ్లిప్పుడు వణుకుతాయి కానీ పానా పట్టుకుంటే ఆగుతాయి. సిలిండరు లాగాను. చూస్తే ఆ బోరు! ఇన్నేళ్ల తర్వాత కూడా, పట్టేసిన గీతల మధ్య, ఆయన చేతి నునుపు అలాగే ఉంది. దాంట్లో వంక పెట్టేవాడు ఈ జిల్లాలో పుట్టలేదు.

చిప్పలు విడదీశాను. క్రాంకు నీలంగా మాడిపోయి ఉంది, చుక్క ఆయిల్ ఎరగనట్టు. అంచుల్లో నేను రాసిన జిగురులో నా బొటనవేలి ముద్ర ఉంది, అప్పటి కుర్రాడి సన్న వేలు.

చిప్ప ఒళ్లో పెట్టుకున్నాను. వేలు తడి చేసుకుని అవతలి కన్నం దగ్గర పెట్టి ఊదాను. తగల్లేదు. గట్టిగా ఊదాను. బుగ్గలు నొప్పెట్టాయి. నా ఊపిరి నా మొహానికే తిరిగొచ్చింది.

తుప్పు కావచ్చు, ఆయిల్ మడ్డి కావచ్చు అనుకున్నాను అప్పుడు కూడా. మనిషి ఆశ అంత నీచమైంది. సన్న తీగ దూర్చి లాగాను. నల్లగా మొదలై, తర్వాత తెల్లగా, గట్టి ముద్దలుగా రాలింది. వేళ్ల మధ్య నలిపాను. గరగరలాడింది. మా నాయనమ్మ పొయ్యిలో బూడిద. అందులో ఒక కొబ్బరి పీచు పోగు కూడా ఉంది, చెక్కుచెదరకుండా.

బాబాయికి తెలుసు. పప్పు వండుతావేంటే అని నవ్విన మనిషికి, నేను తగిలిందండి అన్నప్పుడు గుమ్మంలో ఉన్న మనిషికి తెలియకపోవడమేంటి! ఆ కుంటి కాలితో రోజూ ఆ అటక కిందే తిరిగాడు.

చెల్లెలికి ఫోన్ చేశాను. "మాస్టారి తప్పు కాదమ్మా. నాది. మీ నాన్న కాలు నా వల్లే పోయింది. ఊదకుండానే ఊదానని చెప్పాను." అవతల చేపల చెరువుల్లో తిరిగే మోటార్ల చప్పుడే వినపడింది. చివరికి, "భోంచేశావా అన్నయ్యా?" అంది. లేదన్నాను. "తిను ముందు" అని పెట్టేసింది.

ఆ మాస్టారి పిల్లలెక్కడున్నారో కనుక్కోమని తణుకులో నాకు తెలిసినవాళ్లకి చెప్పాను. ఇంకా ఏమీ తెలియలేదు. షాపున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అందుకే ఇదంతా రాస్తున్నాను. వాళ్ల ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా, ‘నాన్న చెయ్యి ఒకసారి జారింది’ అనుకుంటుంటే, జారలేదు. చదివినవాళ్లెవరైనా వాళ్లకి చెప్పండి.

ఇంజన్‌ని ఇంకా బిగించలేదు. బిగిస్తానో లేదో తెలియదు. ఆ దారి మాత్రం శుభ్రం చేశాను. తీగతో, కిరసనాయిలుతో, మళ్లీ తీగతో, ఒక పూటంతా. నిన్న పొద్దున ఎండ వరండాలోకి వచ్చాక చిప్ప ఒళ్లో పెట్టుకుని, వేలు తడి చేసుకుని, కళ్లు మూసుకుని ఊదాను.

చల్లగా వచ్చింది.

"తగిలిందండి" అన్నాను పైకే.

లోపల్నించి మా ఆవిడ, "ఎవరండీ వచ్చింది?" అని కేకేసింది.

ఎవరూ రాలేదన్నాను.